కట్టు కింద పాలు

జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి అప్పటికి పదేళ్లయింది. బాలమణి ఎడమ రొమ్మును డాక్టర్ జగన్మోహన్ రావు కల్లోలిత ప్రాంతంగా ప్రకటించడానికి పావుగంట కూడా పట్టలేదు. రెండు ప్రకటనల వెనుక ఉన్న తర్కం మాత్రం ఒక్కటే: ఎక్కడో ఒక మూల వేడి పుడితే మొత్తం మూసేయాలి, రాకపోకలు ఆపేయాలి, లోపలున్నవాళ్లు ఏం తిని బతుకుతారని అడగకూడదు. ఒక్క తేడా ఉంది. ప్రభుత్వం తన ప్రకటనను గెజిట్‌లో అచ్చేసింది కనుక దాన్ని కోర్టులో సవాలు చేయడానికి, కాగితం మీదనైనా, వీలుంది. డాక్టర్‌ది నోటిమాట. దాని మీద అప్పీలు లేదు.

ఈ రెంటిలో దేని గురించీ బాలమణిని ఎవరూ ముందుగా అడగలేదు. ఆమె సిరిసిల్లలో ఒక మరమగ్గాల కార్ఖానాకు కండెలు చుట్టే మనిషి. పుట్టిల్లు కోరుట్ల. తెగిన పోగును చూడకుండానే వేళ్లతో పట్టి ముడేయడంలో, ఎదుటివాడి మాటను తెగేదాకా లాగడంలో ఆమెకు సాటి లేదని వాడకట్టంతా ఒప్పుకునేది. భర్త వెంకటి అదే కార్ఖానాలో మగ్గాలు నడిపేవాడు. అతనికి మాట తక్కువ, ముడి గట్టి. ఇద్దరి మధ్య సంసారం ఈ పనివిభజన మీదే నడిచేది.

వాళ్లకు తొలి కాన్పులో కొడుకు పుట్టాడు. చన్ను పగిలి బాలమణి బాధపడుతుంటే, ఎవరో పెద్దమనిషి సీసా పట్టమన్నాడు, పట్టారు. డబ్బా పాలతో పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. బోర్లపడటం నేర్వకముందే పోయాడు. అత్త నర్సవ్వ ఆ సీసాను పారేయలేక, మళ్లీ పనికొస్తుందని అటక మీద పెట్టింది. బాలమణి దాన్ని కిందికి దించి రోట్లో వేసి దంచింది. గాజు సీసా. 

రెండో కాన్పుకు కోరుట్ల వచ్చింది. ఆడపిల్ల. అత్త పేరే పెట్టి నర్సి అని పిలుచుకున్నారు. తల్లి శంకరవ్వ బీడీలు చుట్టేది. పుట్టింట్లో కూర్చుని తినడం బాలమణికి చేతకాదు గనుక చాట ముందేసుకుని తానూ చుట్టసాగింది. పిల్ల ఏడిస్తే, "ఆగు నర్సీ, గీ కట్ట అయినంక ఇస్త" అనేది. కట్ట మీద కట్ట పడేది. రొమ్ములో పాలు నిలిచిపోయేవి. రెండో నెలలో ఎడమవైపు రాయిలా గట్టిపడి, ఎర్రబడి, చలిజ్వరం వచ్చింది. శంకరవ్వ పసుపు పూసింది, వేడి కాపడం పెట్టింది, చివరకు అల్లుడికి కబురు పంపింది.

"జగిత్యాల పోదాం. దొర దవఖాన్ల చూపిస్తె తెల్లారేసరికి లేసి కూసుంటది" అంది.

దొర అంటే డాక్టర్ జగన్మోహన్ రావే. మేడిపల్లి వైపు ఒక ఊరు మొత్తం ఒకప్పుడు వాళ్లది. ఊళ్లో కూలీలు సంఘాలు పెట్టిన ఏడాది తండ్రి గడీకి తాళం వేసి జగిత్యాలకు బస మార్చాడు. కొడుకు సర్జరీ చదివి వచ్చి నర్సింగ్ హోం తెరిచాడు. గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనుషులే దవాఖాన మెట్ల దగ్గర చెప్పులు విడిచి పైకెక్కేవాళ్లు. చేతబట్టుకోవడం నుంచి విడవడం దాకా వచ్చిన ఈ మార్పును ఆయన ప్రగతి అనేవాడు.

ఆయన చేతికి పేరుంది. అది అబద్ధం కాదు. కడుపు కోసినా మెడ కోసినా మచ్చ కనపడకుండా కుట్టేవాడు. రొమ్ము గురించి ఆయన చదివిన పుస్తకం కూడా లావుపాటిదే. అందులో రొమ్ముకు వచ్చే కంతులున్నాయి, పుండ్లున్నాయి, కేన్సర్ ఉంది, రొమ్మును మొత్తంగా తీసేసే విధానం బొమ్మలతో సహా ఉంది. అది పాలిచ్చే అవయవమన్న సంగతి మాత్రం, పాలను ఎలా ఆపాలో చెప్పే వాక్యంలో, ఒక్కసారి దొర్లింది. ఆ వాక్యం ఆయనకు కంఠతా వచ్చు.

బాలమణిని ఆయన పరీక్షించిన తీరు న్యాయస్థానాలు అనుసరించదగినది: నిందితురాలు ఎదుటే ఉండగా వాంగ్మూలం మరొకరి దగ్గర తీసుకున్నాడు.

"ఎన్నో కాన్పురా?" అని వెంకటిని అడిగాడు.

"రెండోది దొరా."

"పాలిస్తున్నదా?"

"ఇస్తున్న" అంది బాలమణి.

డాక్టర్ వెంకటి వైపే చూస్తూ, "ఇస్తున్నదా?" అన్నాడు.

వెంకటి భార్యను చూసి, డాక్టర్‌ను చూసి, "ఇస్తున్న అంటున్నది దొరా" అన్నాడు.

"బంద్ చెయ్యాలె. రెండు దిక్కులా. చీము పాలల్ల కలుస్తది. పాలున్నన్ని దినాలు పుండు మానది."

"కుడిదానికేం కాలేదు గద సార్?" అంది బాలమణి.

"ఒకదాంట్ల తాపితె రెండోదాంట్ల పాలు ఊరకుంటయా? రెండూ బంద్" అన్నాడాయన, ఈసారి కూడా వెంకటికే.

"మరి నా పోరి ఏం తాగాలె?"

దీనికి డాక్టర్ మాటను ఖర్చు చేయలేదు. వేలు పైకెత్తి గోడను చూపించాడు. గోడ మీద డబ్బా పాల కంపెనీ పంచిన క్యాలెండర్ ఉంది. అందులో బుగ్గలు ఉబ్బిన పిల్లవాడు నవ్వుతున్నాడు. పక్కన డబ్బా ఉంది. తల్లి లేదు. అలాంటి బొమ్మలను నిషేధించే చట్టం రావడానికి ఇంకా నాలుగేళ్ల వ్యవధి ఉంది కనుక ఆ పిల్లవాడు పూర్తిగా చట్టబద్ధంగానే నవ్వుతున్నాడు.

మత్తిచ్చి కోశారు. చీము పోయింది, జ్వరం దిగింది. కోసినవాడు చేతులు కడుక్కుంటూ గర్వంగా చెప్పాడు: "నల్లంచు ఎంబడి కోసిన వెంకటీ. మానినంక మచ్చ కనపడది."

మత్తు ఇంకా పూర్తిగా దిగని బాలమణి మంచం మీంచి అడిగింది: "ఎవలకు కనపడొద్దు సార్?"

 ఆ ప్రశ్నను మత్తు ఖాతాలో వేశారు.

పాలగొట్టాలన్నీ నలుమూలల నుంచి వచ్చి చేరేది సరిగ్గా చనుమొన చుట్టూ ఉండే ఆ నల్లంచు కిందికే. డాక్టర్ తెలుసుకోవలసింది నిజానికి ఎక్కువేమీ లేదు. పాలు కదలక నిలిచిపోయినందుకే గడ్డ కట్టింది. నిలిచినదాన్ని కదిలించాలి తప్ప ఇంకా బిగించకూడదు. చీమును సూదితో లాగి చూడవచ్చు. కోయక తప్పకపోతే నల్లంచుకు ఎడంగా, గొట్టాలు సాగే దిశలోనే, చిన్నగా కోయవచ్చు. బిడ్డ తాగుతూ ఉంటే తల్లికీ మేలే, బిడ్డకూ మేలే. ఈ సంగతులు తెలిసిన వైద్యులు లోకంలో అప్పటికే ఉన్నారు. తెలియకపోవడం నేరం కాదని వాదించే పెద్దలుంటారు. చట్టం తెలియకపోవడం సాకు కాదని చెప్పి కూలివాడిని జైల్లో వేసే దేశంలో, శరీరం తెలియకపోవడం సర్జన్‌కు సాకు ఎలా అవుతుందో ఆ పెద్దలే సెలవియ్యాలి.

పాలు ఆగడానికి మాత్రలు రాశాడు. రొమ్ములు బిగించి కట్టమని కాంపౌండర్ బుచ్చన్నకు చెప్పాడు. బుచ్చన్న కట్టిన గాజుగుడ్డ బాలమణి లేచి నిలబడగానే జారింది. మళ్లీ కట్టాడు. దగ్గితే జారింది.

వెంకటి ఊరుకోలేకపోయాడు. పిల్లకు పక్కగుడ్డలవుతాయని మగ్గం మీంచి కోసుకొచ్చిన కొత్త గుడ్డ అతని సంచిలో ఉంది. గంజి ఇంకా దిగలేదు, అట్టలా ఉంది. "జరుగన్నా, నేను కడత" అని, పడుగు దారాలను బీము అనే మగ్గపు దూలానికి చుట్టేవాడు ఎలా చుడతాడో అలా, ఒక పొర మీద ఒక పొర, సందు లేకుండా, ముడత లేకుండా, కాలు మంచానికి తన్నిపెట్టి చుట్టాడు. చివర సాలెముడి వేశాడు. ఆ ముడి లాగినకొద్దీ బిగుసుకుంటుంది. ఏ కొసను ఎటు లాగాలో తెలిసినవాళ్లకే విడుతుంది.

డాక్టర్ దగ్గరికొచ్చి, వేలితో మీటి చూశాడు. గుడ్డ డప్పులా మోగింది.

"చూస్తివా బుచ్చన్నా! గిట్ల కట్టాలె. ఏడ నేర్చినవురా వెంకటీ?"

వెంకటి జీవితంలో ఒక దొర అతని పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. అతను సిగ్గుపడి, ముడి విప్పి, ఇంకొక చుట్టు బిగించాడు.

"ఓ నర్సి నాయనా, నేను మనిషినయ్యా, బీమును కాదు" అంది బాలమణి ఊపిరాడక.

"డాక్టర్ సాబ్ మంచిగున్నదన్నడు గద" అన్నాడు వెంకటి, ఆ సాయంత్రమే సిరిసిల్లకు బస్సెక్కుతూ. మగ్గం ఆగితే కార్ఖానా నడిపే ఆసామి ఊరుకోడు.

కోరుట్లలో శంకరవ్వ ఆంక్షలను అమలుచేసే అధికారాన్ని స్వయంగా చేపట్టింది. డబ్బా పాలు కలిపి పట్టేది. కట్టు జారిందేమో తడిమి చూసేది. పూటపూటకూ మాత్ర అందించి మింగేదాకా ఎదుట నిలబడేది. బాలమణి మింగినట్టే గుటక వేసేది, మాత్రను దవడ కింద అట్టిపెట్టి, తల్లి అటు తిరగగానే తునికాకు చాట కిందికి చేర్చేది. స్నానానికని తడక వెనక్కి పోయి, పిల్లను ఒళ్లో వేసుకుని, కుడివైపు గుడ్డను వేలెడంత పైకి జరపడానికి పెనుగులాడేది. గంజి పెట్టిన గుడ్డ జరిగితే కదా. ముడి విప్పడం తెలుసు కాని, విప్పితే మళ్లీ అంత బిగువుగా ఒంటిచేత కట్టుకోలేదు, తల్లి తడిమితే దొరికిపోతుంది. పిల్ల నాలుగు చుక్కలు అందుకునేలోపే, "అయ్యిందా బిడ్డా?" అని తల్లి కేక వినపడేది.

పిల్లకు విరేచనాలు మొదలయ్యాయి.

"దిష్టి తాకింది" అంది శంకరవ్వ.

"దిష్టి కాదవ్వా, డబ్బ."

"డాక్టర్ కంటె నీకెక్కువ ఎరుకనా? నోరు మూసుకోని పండుకో."

బాలమణికి ఎక్కువేమీ ఎరుక లేదు. ఒక్క సంగతి ఎరుక. పిల్లవాడి కడుపు ఎలా మెత్తబడి, కళ్లు ఎలా లోతుకు పోతాయో ఒకసారి చూసింది. నర్సి కళ్ల కింద నీడ పడుతోంది. తన కట్టు కింద కుడివైపు కూడా రాయి కట్టడం మొదలైంది. కల్లోలం పొరుగు తాలూకాలకు పాకిందని ప్రభుత్వం ప్రకటించుకునేటప్పుడు అది ఏ పద్ధతిలో పాకుతుందో, ఇదీ అదే పద్ధతి.

కట్టు మార్పించుకోవడానికి తల్లీకూతుళ్లు పిల్లనెత్తుకుని జగిత్యాల బస్సెక్కిన రోజున దారిలో తనిఖీ ఉంది. ముందు రోజు ఎక్కడో కాల్పులు జరిగాయట. ఎవరో గాయంతో తప్పించుకున్నారట. ఆగయ్య అనే కానిస్టేబుల్ బస్సెక్కి ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి బాలమణి దగ్గర ఆగాడు. ఆమె రవికె మీద, ఎడమవైపు, అరచేయంత ఎర్రటి మరక. అది గాయానికి పూసిన ఎర్రమందు.

"ఏందక్కా గది?"

"గడ్డ."

"గడ్డయితె గింత ఎరుపు ఎందుకుంటది?"

"గడ్డకు రంగు నేనేసిన్నా తమ్మీ? కోసినాయినను అడుగు."

ఆ మాట అనగానే ఒళ్లో నర్సి ఆకలికి గుక్కపట్టింది. ఆగయ్య చూస్తుండగానే అరచేయంత మరక జానెడయింది. ఆగయ్య దిగి, ఎస్సైని వెంటబెట్టుకొచ్చాడు. ఎస్సై కోస్తా జిల్లాల మనిషి.

"ఎక్కడ తగిలిందమ్మా తూటా?"

"కోరుట్ల బీడీల చాట కాడ" అంది బాలమణి.

శంకరవ్వ కూతురి నోరు చేత్తో మూసింది.

స్త్రీని సోదా చేయవలసి వస్తే మరొక స్త్రీ చేతనే, మర్యాదకు భంగం రాకుండా చేయించాలని చట్టం చెబుతోంది. తనిఖీ దగ్గర ఆడ పోలీసు లేదు. ఆ తాలూకాలో ఆడవాళ్లను అనుమానించడానికి సరిపడా సిబ్బంది ఎప్పుడూ ఉండేవారు. సోదా చేయడానికి ఉండేవారు కాదు. ఎస్సై చట్టాన్ని గౌరవించేవాడు కనుక ఆమెను తాకలేదు. పిల్లతో సహా, తల్లితో సహా, ఆగయ్య కాపలాగా జీపులో వేసుకుని, కోసినవాడినే అడుగుదామని నేరుగా నర్సింగ్ హోంకు తెచ్చాడు.

డాక్టర్ ముందు జీపును చూశాడు, తర్వాత తుపాకీని, ఆ తర్వాతే పేషెంటును. గాయపడి వచ్చిన ప్రతివాడి కబురూ స్టేషన్‌కు చెప్పాలని ఆయనకు హుకుం ఉంది. చెబితే అడవిలోని నక్సలైట్ల నుంచి బెదిరింపు ఉత్తరం వచ్చే భయం ఉంది. ఈ రెండు భయాల మధ్య ఆయన ఎంచుకున్న మార్గం, ఎవరినీ గుర్తుంచుకోకపోవడం.

"డాక్టర్ గారూ, ఈవిడ మీ పేషెంటేనా?"

"రోజూ శానమంది వస్తుంటరండీ. ముఖాలు యాదికుండయి."

"ముఖం వద్దు సార్" అంది బాలమణి. "మచ్చ కనపడకుండ కోసిన అంటిరి గద. గది యాదికున్నదా?"

"కోశారా?" అన్నాడు ఎస్సై. "ఏం తీయడానికి?"

"చీము తీయనీకి. పాలిచ్చేటోళ్లకు గడ్డలైతుంటయండీ."

"తూటా తీసినా చీమొస్తుంది. మాకు చెప్పారా?"

"గడ్డలు గూడ చెప్పాల్నాండీ?"

"ఈ ఎరుపేంటి?"

"మందు. పైన పూసేది."

"పూసిన మందు పూసిన చోటే ఉండాలి. ఇది నా కళ్లముందే పాకింది. దాన్ని లోపల్నుంచి ఏదో నెడుతోంది. ఏది?"

డాక్టర్ కాసేపు ఆలోచించి, "పాలయి ఉంటయ్" అన్నాడు.

దొరకు సాయం చేయాలన్న తొందరలో శంకరవ్వ ముందుకొచ్చింది. "పాలెక్కడియి సార్! దొర ఎన్నడో బంద్ చేసిండు. గోలీలిచ్చిండు, గట్టిగ కట్టిచ్చిండు. పోరికి డబ్బపాలే పడుతున్న. కావాలంటె సీస చూడున్రి" అని, సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

ఎస్సై సీసాను చూశాడు. రవికెను చూశాడు. డాక్టర్‌ను చూశాడు.

"మీరు పాలు ఆపేశారు. ఆపేసిన పాలు గాయంలోంచి కారుతున్నాయి. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదండీ."

ఆయన సర్వీసు మొత్తంలో ఇంత నిర్దుష్టమైన తర్కం ఇదివరకెన్నడూ ఆయన నోట వెలువడలేదు. వెలువడిన ఒక్కసారీ అది చంటిపిల్ల తల్లి మీద వెలువడింది.

"మీరు కోసిన చోట పాలదారులు ఎన్ని ఉంటాయి?"

"శాన ఉంటయ్."

"శానా అంటే? ఏది ఎక్కడ కలుస్తుంది?"

"పుస్తకంల ఉంటదండీ" అన్నాడు డాక్టర్. లేదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు.

"నా జీపులో మ్యాపుంది. కొండగట్టు వెనక నుంచి రాయికల్ దాకా ప్రతి కాలిబాటా గీసుంది. ఏ దారి ఎందులో కలుస్తుందో తెలియకుండా నేను అడుగు పెట్టను. మీరు కత్తే పెట్టారు."

ఆ మ్యాపు చేతబట్టుకుని ఆయన ఏమేం చేసేవాడన్నది ఇక్కడ విచారణాంశం కాదు. దానికి వేరే విచారణ బాకీ ఉంది.

నర్సి మళ్లీ ఏడ్చింది. మరక మళ్లీ కదిలింది. ఎస్సై చేయెత్తి అందరినీ ఆగమన్నాడు. శంకరవ్వ కంగారుగా సీసా నోట్లో పెట్టింది. పిల్ల ఒక గుటక వేసి ఊరుకుంది. మరకా ఊరుకుంది. పిల్ల సీసాను ఉమ్మేసి గుక్కపట్టింది. మరక అంచు దాటి కొంగు దాకా వచ్చింది.

"మళ్లీ ఏడిపించండి" అన్నాడు ఎస్సై.

"పసిపొల్లను ఏడిపిచ్చుడేంది సార్!"

"కేసు కోసమమ్మా."

డాక్టర్ తన కుర్చీలోంచి సగం లేచి, మరకనే చూస్తున్నాడు. ఆయన కోసిన రొమ్ములకు లెక్క లేదు. ఒక్కటి కూడా ఇలా చెప్పిన మాట వినడం ఆయన చూడలేదు. రొమ్ము వినేది బిడ్డ మాటేనని తెలియకపోవడం వల్ల. "ఏడిస్తెనే వస్తదా?" అని తనలో తాను గొణిగాడు.

"పోరి ఏడిస్తె పాలు దిగుతయ్ సార్" అంది బాలమణి ఎస్సైతో. "గంతే. తూటా ఎవలు ఏడ్చినా దిగది."

"మరి ఆగిపోయాయన్నారు?"

ఇక్కడ బాలమణి తల్లి వైపు చూసింది. "నేను గోలీలు మింగలే."

"మింగలేదా! కండ్ల ముంగట గుటకేస్తివి గదనే, ఓ దొంగదానా! దొర మాట కాదని..."

"నా కొడుకు గా డబ్బతోనే పోయిండు గదవ్వా. నువ్వే గద బొందల మన్నేసినవు. ఇప్పుడు నర్సి కండ్లు చూడు. ఒక్కసారి చూడు."

శంకరవ్వ చూసింది. సీసా మీద ఉన్న చేయి వెనక్కి తీసుకుంది. 

ఎస్సై చేతి గడియారం చూసుకున్నాడు. "అయితే ఈవిడ పాలిచ్చే తల్లి. అవునంటారా, కాదంటారా? ఒక్క మాటలో తేల్చండి డాక్టర్ గారూ, వెళ్లిపోతాను."

డాక్టర్ అవుననబోయాడు. అది తేలికైన మాట. అదేమీ ఆయన మందుచీటీని మార్చదు. బాలమణి ఆ కొసను చూసింది. తెగిన పోగును వేళ్లు ఎలా పడతాయో అలా పట్టింది.

"గట్ల కాదు సార్. ఇగ ముందు పాలియ్యాల్నా, వద్దా? గది అడుగున్రి. ఇయ్యొద్దు, బంద్ చేసిన అంటె గిది పాలు కాదు, మీరన్న తూటానే నిజం. నన్ను తోల్కపోన్రి. నన్ను దాచి కోసినందుకు దొరను గూడ జీపెక్కియ్యిన్రి. ఇయ్యాలె అంటె మమ్ముల ఇడువున్రి."

 నర్సి ఒక్కతే వాదన కొనసాగిస్తోంది.

డాక్టర్ జగన్మోహన్ రావు ఒక చేత్తో పుస్తకంలోని వాక్యాన్ని, ఇంకొక చేత్తో జీపును ఎత్తి తూచాడు. నుదురు తుడుచుకున్నాడు.

"ఇయ్యొచ్చు."

"ఇవ్వొచ్చా, ఇవ్వాలా?" అన్నాడు ఎస్సై.

"ఇయ్యాలె."

"రెండు దిక్కులా?" అంది బాలమణి.

"రెండు దిక్కులా" అన్నాడు డాక్టర్, మొదటిసారి ఆమె ముఖంలోకే చూస్తూ.

పాలిచ్చే తల్లికి ఇవ్వవలసిన సరైన వైద్య సలహా ఆ గదిలో వెలువడడం అదే మొదలు. దాన్ని వెలువరించడానికి ఒక సర్జన్, ఒక ఎస్సై, ఒక తుపాకీ అవసరమయ్యాయి.

బుచ్చన్న తెర లాగి కట్టు విప్పబోయాడు. సాలెముడి విడలేదు. లాగినకొద్దీ బిగుసుకుంది. డాక్టర్ కత్తెర అందించాడు. "కత్తెరెందుకు, మంచి గుడ్డ" అని బాలమణి ఒక కొసను మడతలోకి నెట్టి రెండోది లాగింది. పొరలన్నీ సడలి ఒళ్లో కుప్పగా పడ్డాయి. నర్సికి ముందు కుడివైపు అందించింది. రాయిలా ఉన్న చోటు పిల్ల నోటికి కొంచెం కొంచెంగా మెత్తబడుతుంటే బాలమణి పళ్లు బిగబట్టింది. తర్వాత గాయం మీద మెత్తని గుడ్డ పెట్టి అరచేత్తో అదిమి, ఎడమవైపు ఇచ్చింది. గుడ్డ తడిసింది. తడిసినా పిల్ల తాగింది.

తెరకు ఇవతల గుటకల చప్పుడు వినపడింది. ఎస్సై దాన్ని సాక్ష్యంగా స్వీకరించి వెళ్లిపోయాడు.

జీపు మలుపు తిరిగిందని రూఢి అయ్యాక డాక్టర్ తెర దగ్గరికొచ్చాడు. గొంతు మళ్లీ దొరదయింది. "ఇగో, గాయినకు చెప్పిన గని, పాలిస్తె గాయం మానది. ఇంటికి పోయినంక మల్ల కట్టుకో."

"మల్ల చెప్పున్రి దొరా, సరిగ్గ వినపడలే" అంది బాలమణి. "సారును గూడ పిలుస్త. ఆగయ్య ఇంకా గేటు కాడనే ఉన్నడు."

డాక్టర్ తెర వదిలి తన గదిలోకి పోయాడు. బస్సులోంచి ఆమెను తుపాకీతో దింపిన రాజ్యం, ఒక్క నిమిషం, ఆమె చేతి కర్ర అయింది. ఆ రాజ్యానికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఒప్పుకునేది కాదు.

నర్సి కడుపు నాలుగైదు రోజుల్లో గట్టిపడింది. కుడివైపు గడ్డ కట్టకుండానే కరిగింది. ఎడమవైపు గాయంలోంచి చాలా రోజులు పాలు చెమ్మగిలుతూనే ఉన్నాయి. అది మానదని డాక్టర్ ఇచ్చిన తీర్పును గాయం ఖాతరు చేయలేదు, తనంతట తాను మూసుకుంది. మచ్చ మాత్రం మిగిలింది. కనపడకూడదని కోసిన చోటే, స్పష్టంగా. బాలమణి పిల్లతో సిరిసిల్లకు వెళ్లిన రోజు వెంకటి గుడ్డ సంగతి అడిగాడు. "నా కట్టు నిలిచిందా?"

"నీ కట్టు నిలిస్తె నీ బిడ్డ నిలువకపోవు" అంది. అతను రెండు రోజులు ఆ మాట మీద మగ్గం నడిపి, మూడో రోజు ఆ గుడ్డను తానే కాలువలో ఉతికి, గంజి దించి, నర్సికి తొట్టెల కట్టాడు. ఆ ముడి మాత్రం ఎంత గట్టిగా వేసినా బాలమణి ఏమీ అనలేదు.

డాక్టర్ కూడా పాఠం నేర్చుకోలేదని అనడానికి వీల్లేదు. నేర్చుకున్నాడు. అది ఏ పాఠమో మరుసటి ఏడాది తెలిసింది. కోరుట్లలో పుట్టింటి పక్కనుండే రాజవ్వ కోడలికి రొమ్ములో గడ్డయితే జగిత్యాలకు తీసుకుపోయి తెచ్చారు. పుట్టింటికి వచ్చి ఉన్న బాలమణి పలకరించడానికి నర్సిని చంకనేసుకుని పోయింది. కోడలు గోడకానుకుని కూర్చుని ఉంది. ఛాతీ చుట్టూ అట్టలాంటి కట్టు, పొర మీద పొర, సందు లేకుండా. పక్కన సీసా. ఎదురుగా ఏడుస్తున్న పిల్లవాడు.

"మంచి డాక్టర్ బిడ్డా" అంది రాజవ్వ. "తొవ్వల పోలీసోళ్లు ఆపితె చూపియ్యిమని సొంతంగ చీటి గూడ రాసిచ్చిండు."

బాలమణి చీటీ అందుకుంది. కూడబలుక్కుని చదివింది. ఇది తూటా గాయం కాదు, అని ఉంది. కింద సంతకం. వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"పాలియ్యిమని చెప్పిండా?"

"రెండు దిక్కులా బంద్ చెయ్యిమన్నడు. గీ కట్టు చూడు, ఎంత గట్టిగున్నదో! గిది సిరిసిల్ల కట్టు అని బుచ్చన్న అన్నడు. ఇప్పుడందరికీ గిదేనట. ఎవలితోని విడదట."

బాలమణి చీటీని రాజవ్వ చేతిలో పెట్టి, నర్సిని కింద దింపింది. కోడలి వెనక్కి వెళ్లి, వేలితో తడిమి, ఆ మడతలో తనకు తెలిసిన కొసను వెతుక్కుంది.